వేడి చేసింది

“ఎడమ పక్కకి తిరిగి పడుకోండమ్మా, మోకాళ్ళు రెండూ పొట్టకి ఆనించుకోండి” అని సిస్టరు చెప్పగానే బన్నక్క అలాగే తిరిగింది, అలాగే ముడుచుకుంది. ముడుచుకున్నాక గానీ ఆమెకి గుర్తు రాలేదు, చిన్నప్పుడు బేకరీ వెనక గదిలో మైదా బస్తాల మీద సరిగ్గా ఇలాగే పడుకునేదని. అప్పుడు తలాపున పులుస్తున్న పిండి వాసన, నాన్న చొక్కా వాసన. ఇప్పుడు స్పిరిటు వాసన, ఏసీ చలి, ముందంతా మూసి వెనకంతా తెరిచిన ఆసుపత్రి గౌను. ఎవరు కుట్టారో గానీ మహానుభావులు, దాచాల్సింది వదిలేసి అక్కర్లేనిది దాచారు అనుకుంటే నవ్వొచ్చింది. యాభై దాటిన మనిషి, వీధి వీధంతటికీ బన్నక్క, కట్టుకున్న మొగుడు కూడా పోట్లాట వస్తే “బన్నక్కగారూ” అనే బన్నక్క, అసలు పేరు ఇప్పుడు మణికట్టుకి చుట్టిన ప్లాస్టిక్ పట్టీ మీద తప్ప ఇంకెక్కడా వాడుకలో లేని మనిషి, ఇలా పసిపిల్లలా ముడుచుకుని కెమెరా తెర వైపు చూస్తోంది. తెర కొంచెం ఇటు తిప్పమని ఆమే అడిగింది. మత్తిస్తాం, ఏమీ తెలియదు అని డాక్టరమ్మ అంటే, వద్దండీ, చూస్తాను అంది. ఎందుకు చూడాలని అడిగితే మాత్రం చెప్పలేకపోయింది. మా నాన్నది ఎవరూ చూడలేదు, అందుకని.

వేడి అన్నారు అందరూ. బట్టీ ముందు నిలబడేవాళ్ళకి వేడి చేయక చలి చేస్తుందా అన్నాడు మొగుడు. ఎంత హాయైన మాట అది, వేడి చేసింది. కన్ను ఎర్రబడితే వేడి, నోరు పొక్కితే వేడి, ముక్కులోంచి రక్తం వస్తే వేడి, ఊరికే ఎవరి మీదన్నా విరుచుకుపడితే అదీ వేడే. ఆ ఒక్క మాట అనేస్తే చాలు, రోగానికి పేరు దొరికినట్టు, సగం తగ్గిపోయినట్టు, ఇంట్లో ఎవరి పనుల్లో వాళ్ళు పడిపోతారు. ఏం చేసింది వేడి, ఎవరికి చేసింది, ఎక్కడ చేసింది అని ఎవరూ అడగరు. ఆమె మాత్రం అడిగిందా? మొదటిసారి దొడ్లో ఎర్రగా కనబడ్డప్పుడు గుండె గుభేలుమంది, నిజమే, కానీ ఆ గుభేలు తలుపు గడియ తీసేలోపే సర్దుకుంది. వేడి. అంతే. బార్లీ గింజలు ఉడకబెట్టి, నీళ్ళు వంచి, చల్లార్చి, స్టీలు ఫ్లాస్కులో పోసి బట్టీకి దూరంగా కిటికీ గట్టు మీద పెట్టుకుంది. రోజూ పొద్దున్నే నింపేది. తాగేది. తగ్గినట్టే ఉండేది, మళ్ళీ కనబడేది. మరీ విచిత్రం ఏమిటంటే మధ్యాహ్నానికల్లా ఫ్లాస్కు ఖాళీ అయిపోయేది. ఆమె తాగిన గ్లాసులకీ ఫ్లాస్కు లోతుకీ ఎక్కడా పొంతన కుదిరేది కాదు. మొగుడి పనే అనుకుంది. డెలివరీ వ్యాను దిగి లోపలికి వచ్చాడంటే చేతికి ఏది దొరికితే అది గుటుక్కుమనిపించే రకం ఆయన. మీకేం వేడండీ, ఏసీ వ్యాన్లో తిరిగే మహారాజులు అని దులిపేస్తే, నేను ముట్టుకోలేదే, ఆ చప్పిడి నీళ్ళు నాకెందుకే అని ఒట్టు పెట్టాడు. ఆ ఒట్టు ఆమె నమ్మలేదు.

“కొంచెం చల్లగా తగులుతుందమ్మా, బిగబట్టకండి” అంది డాక్టరమ్మ వెనక నుంచి. తగిలింది. బిగబట్టింది. బిగబట్టకండి అంటే ఎలా, ఇన్నేళ్ళుగా బిగబట్టుకుంటూ వచ్చిన ఒళ్ళు ఇది. ఈ భాగానికి ఇంట్లో పేరే లేదు. కడుపు అనేవాళ్ళు, లేకపోతే కింద అనేవాళ్ళు, అదీ కాకపోతే “అక్కడ”. మందుల షాపు ఆయన దగ్గర కూడా కౌంటరు మీదికి వంగి, గొంతు తగ్గించి, అక్కడండీ, మొలలేమో అంది. ఆయన ట్యూబు ఇచ్చాడు, కాగితంలో చుట్టి, చుట్టింది మళ్ళీ కవర్లో పెట్టి, తాను కూడా సిగ్గుపడుతూ. ఆ తర్వాత వెళ్ళిన పెద్దాసుపత్రి డాక్టరుకి మాత్రం కడుపండీ, కడుపులో బాగోలేదు అని చెప్పింది. కడుపంటే ఆయన కడుపే అనుకున్నాడు, పాపం, ఆయన తప్పేముంది? మంట ఉందా అన్నాడు, ఉందంది. గ్యాసా అన్నాడు, అయి ఉండొచ్చంది. పొట్ట మీద చెయ్యి పెట్టి నొక్కి, మాత్రలు రాసిచ్చాడు. వాళ్ళిద్దరి మధ్యా ఒక మూరెడు దూరం ఉండిపోయింది, నోట్లోంచి రావాల్సిన ఒక్క మాటంత దూరం. ఆ మాట తల్లి కూడా ఆమెకి నేర్పలేదు. తల్లికీ ఎవరూ నేర్పి ఉండరు.

ఆ మాట లాగింది ఈ డాక్టరమ్మే, పోయిన వారం. చిన్న మనిషి, చిన్న చేతులు, అక్క జాకెట్టు చెల్లెలు తొడుక్కొచ్చినట్టు కాస్త పెద్దదైన తెల్ల కోటు. ఎన్నిసార్లు వెళ్తున్నారు, వెళ్ళొచ్చాక ఇంకా ఉన్నట్టే అనిపిస్తోందా, సన్నగా వస్తోందా, రక్తం విడిగానా కలిసా, జిగురుందా అని ఒక్కొక్కటీ, కూరగాయల బేరం ఆడినంత మామూలుగా అడుగుతూ పోయింది. బన్నక్క మొదట తల దించుకుంది, తర్వాత తలూపింది, ఆ తర్వాత నోరు తెరిచి, అవునండీ, పోయొచ్చిన కాసేపటికే మళ్ళీ పిలిచినట్టుంటుంది, పోతే ఏమీ ఉండదు, లోపల ఏదో కూర్చుని నన్ను ఆటపట్టిస్తున్నట్టు ఉంటుంది అనేసింది. అనేశాక ఒళ్ళంతా తేలికైపోయింది. ఒకసారి వేలితో చూడాలమ్మా, ఒక్క వేలు, ఒక్క నిమిషం అంది డాక్టరమ్మ. ఇంతమంది చూశారు, ఎవరూ వేలు పెట్టలేదండీ అంది బన్నక్క. అంటూనే నాలిక్కరుచుకుంది, ఎందుకంటే బేకరీలో తమ్ముడు రోజూ ఆమెని ఏడిపించే మాటే అది. మా అక్క వేలు పెట్టని విషయం లోకంలో లేదు అంటాడు వాడు, ఆమె ప్రతి ట్రే దగ్గరా ఆగి పిండిలోకి వేలు దించి చూసుకుంటుందని.

ఆ వేలు నాన్న ఇచ్చింది. అప్పటికి ఆమె తల బల్ల అంచుకి కూడా అందేది కాదు. నాన్న ఎత్తి నిలబెట్టి, ఆమె చూపుడు వేలు పట్టుకుని పొంగిన పిండి ముద్దలోకి మెల్లగా దించి తీసేవాడు. గుంట పడి చప్పున పూడుకుంటే ఇంకా కాలేదు, మెల్లగా, ఆలోచించుకుంటున్నట్టు పూడుకుంటే అయింది, పూడుకోకుండా అలాగే ఉండిపోతే దాటిపోయింది. పిండి నోటితో చెప్పదమ్మా, వేలికే చెప్తుంది అనేవాడు. గడియారం చూసి బన్ను కాల్చేవాడంటే నాన్నకి చులకన. ఆ వేలు మీదే ఇన్నేళ్ళూ బతికింది ఆమె, పిల్లని చదివించింది, పెళ్ళి చేసింది. అందుకే పోయిన వారం ఆ చిన్న డాక్టరమ్మ వేలు లోపల ఒకచోట ఆగినప్పుడు, ఆగి, పక్కకి కదిలి, మళ్ళీ వెనక్కి వచ్చి అక్కడే నిలిచినప్పుడు, బన్నక్కకి నొప్పి కన్నా ముందు అర్థమైంది. ఆ ఆగడం ఆమెకి తెలుసు. ట్రేలో అన్నీ సరిగా ఉండి ఒక్కటి సరిగా లేనప్పుడు తన వేలు కూడా అలాగే ఆగుతుంది. “మొలలైతే మెత్తగా ఉంటాయమ్మా, చాలాసార్లు వేలికి ఆనను కూడా ఆనవు. ఇది గట్టిగా ఉంది, అంచు కట్టి ఉంది. కెమెరా పెట్టి చూద్దాం” అంది డాక్టరమ్మ గ్లౌజు తీస్తూ. ఎంతో భయపడాల్సిన ఆ క్షణంలో బన్నక్కకి మొట్టమొదట కలిగింది భయం కాదు. ఒళ్ళు గగుర్పొడిచింది. ఇన్ని నెలలు, ఇన్ని మందులు, ఇన్ని ఫ్లాస్కుల బార్లీ, ఇంతమంది నోళ్ళలో వేడి వేడి వేడి. ఆ చిన్న చేతి ఒక్క వేలు, మాట్లాడకుండా, కళ్ళతో చూడకుండా, వెళ్ళి సరిగ్గా దాని మీద ఆగింది. నాన్న ఉంటే ఆ వేలికి దణ్ణం పెట్టేవాడు.

ఇప్పుడు తెర మీద వెలుగొచ్చింది. ముందు అంతా ఎర్రని మసక, తర్వాత మసక విడిపోయి ఏదో పక్కగా, ఎగుడుదిగుడుగా, ఒక అంచు. డాక్టరమ్మ ఊపిరి ఒక్కసారి ఆగి మళ్ళీ కదలడం బన్నక్క వీపుకి తెలిసింది. “దీని దగ్గరికి తిరిగొచ్చేటప్పుడు వద్దామమ్మా. ముందు చివరిదాకా చూసొద్దాం” అంది, ఏమీ కానట్టు. సరేనంది బన్నక్క, తానూ ఏమీ కానట్టు. గడపలోనే కూర్చున్న చుట్టాన్ని దాటుకుని ఇంట్లోకి వెళ్ళినట్టు వెళ్ళింది కెమెరా.

అది తన ఒళ్ళని ఎవరైనా చెప్తే నమ్మేది కాదు. తడిగా, గులాబీ రంగులో, నిన్నంతా తాగిన ఆ వికారపు ఉప్పుమందుకి కడిగిన గిన్నెలా శుభ్రంగా, వంపు తర్వాత వంపు, గది తర్వాత గది. గాలి కొడుతున్నాను, కొంచెం ఉబ్బరంగా ఉంటుంది అంది డాక్టరమ్మ. ముడుచుకుపోయి ఉన్న గోడలు ఆమె కళ్ళ ముందే విచ్చుకుని గుండ్రంగా నిలిచాయి. పొట్ట పట్టేసింది. సిస్టరు వచ్చి పొట్ట మీద అరచెయ్యి పెట్టి పక్కకి అదిమితే తెర మీది దారి తిన్నగా అయింది. బయట చెయ్యి, లోపల దారి. రెండూ ఒకటేనా, ఈ పొట్ట, ఆ తెర? గోడల మీద సన్నని ఎర్ర నరాలు, కొమ్మలు వేసుకుంటూ, కొమ్మల్లోంచి రెమ్మలు వేసుకుంటూ, ఎవరి కోసం ఇంత నాజూగ్గా గీశారో, చీకట్లో, ఎవరూ చూడని చోట. పెళ్ళికి ముందు నుంచీ ఇవిలాగే ఉన్నాయా? పిల్లని మోసినప్పుడు ఇదంతా ఎక్కడికి సర్దుకుంది? కడుపు నిండా తిని, కోపం వచ్చి తినక, అర్ధాకలితో పడుకుని, తాను ఎన్ని చేసినా ఇది కిక్కురుమనకుండా తన పని తాను చేసుకుపోయింది. ఒక్కరోజు జీతం అడగలేదు, సెలవు అడగలేదు. ఒక చోట దారి గుండ్రం పోయి మూడు మూలలుగా అయింది. ఇక్కడ అందరికీ ఇలాగే ఉంటుంది అంది డాక్టరమ్మ. అందరికీనా, మా ఆయనకి కూడానా అంది బన్నక్క. సిస్టరు నవ్వు ఆపుకోలేకపోయింది. ఇంకాస్త పోయాక గోడ వెనక నుంచి నీలంగా ఏదో నీడ. కాలేయం, గోడకి అవతల ఆనుకుని ఉంటుంది అంది డాక్టరమ్మ, పక్కింటివాళ్ళని చూపించినట్టు. బన్నక్క కళ్ళు తుడుచుకుంది. ఏడుపు కాదు. ఏమిటో తెలియదు.

“చివరికి వచ్చేశాం. లైట్లు తీసేయి సిస్టర్, ఈవిడకి చూపిద్దాం” అంది డాక్టరమ్మ. గది మసకబడింది. “మీ కుడి వైపు పొట్ట చూసుకోండి.” మెడ వంచి చూసుకుంది. గౌను పక్కకి తొలగిన చోట, కుడి తుంటి ఎముకకి కాస్త పైన, చర్మం లోపల నుంచి వెలుగుతోంది. ఎర్రగా, మెత్తగా, అరచెయ్యి అడ్డం పెట్టి దీపాన్ని చూస్తే వేళ్ళ సందుల్లో కనబడే రంగు. తనది, ఆ వెలుగు తన లోపలిది. చెయ్యి వేయబోయి ఆగింది, తాకితే ఆరిపోతుందేమోనని. తెల్లవారకముందు బట్టీ తలుపు తీస్తే లోపల కనబడే వెలుగు చూస్తూ పెరిగింది ఆమె. నాన్న ఆ వెలుగు ముందు మాట్లాడేవాడు కాదు, చెప్పులు కూడా పక్కన విడిచేవాడు, ఎందుకని అడిగితే ఊరికేనే అనేవాడు. ఇప్పుడు తెలిసింది ఆ ఊరికే. ఎంత తిట్టుకుంది ఈ ఒంటిని, లావన్నది, నలుపన్నది, మోకాళ్ళు పట్టేస్తే దరిద్రపు ఒళ్ళన్నది, అక్కడ అన్నది, పేరు కూడా పెట్టలేదు. ఇంత ఇల్లు కట్టి ఉంచి, దాంట్లో దీపం పెడితే బయటికి కనబడేంత పల్చగా గోడలు పెట్టి, ఇన్నేళ్ళు తననే అద్దెకి ఉంచుకున్న ఒళ్ళు. ఉంచు ఇంకొంచెంసేపు అనుకుంది. దేన్ని అడిగిందో, దీపాన్నో, దేన్నో.

లైట్లు వచ్చాయి. కెమెరా వెనక్కి తిరిగింది, ఈసారి మెల్లగా, గోడలన్నీ వెతుక్కుంటూ. సగం దారిలో డాక్టరమ్మ ఆగి, ఇదిగో చూడండి అంది. గోడ మీద బఠాణీ గింజంత, కాడ మీద నిలబడ్డ చిన్న బుడిపె, ముద్దొస్తూ ఉంది అంటే తప్పేమో గానీ అలాగే ఉంది, మొన్న మొన్న మొలిచిన మొలకలా. సన్నని తీగ ఒకటి వెళ్ళి దాని మెడ చుట్టూ ఉచ్చు వేసింది, బిగించింది, బుడిపె రాలిపోయింది. నొప్పి లేదు. నిజంగా లేదు, ఏమీ తెలియలేదు. “లోపలి గోడకి కోత నొప్పి తెలియదమ్మా, అందుకే ఇవి చెప్పకుండా పెరుగుతాయి. ఇప్పుడు తీసేశాం కాబట్టి సరిపోయింది. వదిలేస్తే కొన్నేళ్ళకి, పదేళ్ళు పట్టొచ్చు, మొదట్లోనే ఒకటి చూశామే, అలా అవ్వొచ్చు.” పదేళ్ళు. బన్నక్క ఆ రాలిపోయిన బుడిపెని చూస్తూ ఉండిపోయింది. పదేళ్ళ కిందట గడపలోదీ ఇంతే ఉండేదన్నమాట. ఒక తీగ, ఒక ఉచ్చు, ఇంత తేలిక. పదేళ్ళ కిందట తాను ఏం చేస్తోంది? కొత్త బట్టీ పెట్టించిన రోజులు. తమ్ముడూ తనూ రాత్రింబవళ్ళు పని చేసి, మొదటి ట్రే బయటికి లాగినప్పుడు నాన్న ఉంటే బాగుండేదిరా అనుకుని ఇద్దరూ ఏడ్చిన రోజులు. తాను ఏడుస్తుంటే ఇది లోపల బఠాణీ గింజంత కూర్చుని ఉంది.

నాన్న. ఆయన చివరి రోజుల్లో సైకిలు ట్యూబు ఒకటి ఊది, స్టూలు మీద వేసుకుని దాని మీద కూర్చునేవాడు, అదీ ఒక పక్కకి ఒరిగి. మొలలు అన్నారు. బట్టీ వేడి అన్నారు. సన్నబడిపోయాడు, మొహం మైదా రంగుకి వచ్చింది, బెల్టుకి మేకుతో కొత్త బెజ్జాలు వేసుకునేవాడు. అడిగితే వేడమ్మా, తగ్గిపోతుంది అని ఆమె తల నిమిరేవాడు. పోయాక కూడా వేడి చేసి పోయాడనే అన్నారు, మొలలు ముదిరాయన్నారు. నానమ్మ ఒక్కతే, గోడకి ఆనుకుని కూర్చుని, రాచపుండు, నా బిడ్డకి రాచపుండు పుట్టింది అని గొణిగితే, అలాంటి మాటలు అనకే ముసలిదానా అని అందరూ ఆమె నోరు మూయించారు. కొడుకు పోయిన దుఃఖంలో ఏదో అంటోందనుకున్నారు. ఆ ముసలిది అన్నదే నిజం. పొడవాటి పార పట్టుకుని బట్టీలోకి చూసే మనిషి, లోకంలో ప్రతి పిండి ముద్దలోకీ వేలు పెట్టి చూసే మనిషి, ఆయన లోపలికి ఎవరూ వేలు పెట్టి చూడలేదు. చూడనివ్వలేదు కూడా ఆయన.

“ఇప్పుడు దీని దగ్గరికి వచ్చామమ్మా” అంది డాక్టరమ్మ. ఈసారి తెర మొత్తం అదే. గోడ నుంచి ఒక పక్కగా లేచి, అంచులు ఉబ్బి, నడుమ గుంట పడి, గుంటలో పాలిపోయిన పసుపు, అంచు మీద రక్తపు చెమ్మ. మరీ పులిసిపోయి, అంచులు నిలిచి మధ్యలో కూలిపోయిన బన్ను అలాగే ఉంటుంది. అది చూసి ఇంకా ఎవరినీ అడగక్కర్లేదు, పారేయడమే. కానీ కళ్ళు తిప్పుకోలేకపోయింది. ఇంత దూరం ఆ గులాబీ గదులన్నీ నడిచొచ్చాక ఇది ఎంత పరాయిగా ఉందో, ఎంత తనదిగా ఉందో. తన రక్తమే తాగి, తన అన్నమే తిని, నోరెత్తకుండా పెరిగింది. చిన్న పట్టకారు లాంటిది వెళ్ళి దాని అంచుని ఒకచోట, ఇంకోచోట, మరో రెండుచోట్ల కొరికి తెచ్చింది, ఒక్కొక్కటీ బియ్యపు గింజంత కూడా లేదు. అదీ నొప్పి లేదు. సిస్టరు వాటిని చిన్న సీసాలోని నీళ్ళలో విదిలిస్తుంటే బన్నక్క అడిగింది. “రాచపుండేనాండీ?”

డాక్టరమ్మ చేతులు ఆగాయి. “క్యాన్సరుకి ఆ మాట మా అమ్మమ్మ నోట విన్నాను, మళ్ళీ ఇన్నాళ్ళకి మీ నోట” అంది. “ముక్క పరీక్ష చెప్పాలమ్మా, అది చెప్పకుండా నేను చెప్పకూడదు. కానీ మీరు కళ్ళారా చూశారు, మీ దగ్గర దాచి లాభం లేదు. నాకు అదే అనిపిస్తోంది. గోడ లోపలే ఉందా, దాటిందా అనేది స్కాను చెప్తుంది. మిగతా పేగంతా శుభ్రంగా ఉంది, అది చాలా మంచి మాట. మలద్వారానికి కాస్త పైకే ఉంది, అదీ మంచి మాటే, మామూలుగా వెళ్ళే దారి నిలబెట్టడానికి చూస్తారు. మందూ, రేడియేషను కరెంటూ, ఆపరేషనూ, ఏది ముందు ఏది వెనక అనేది పదిమందిమి కూర్చుని మాట్లాడుకుంటాం.” భయం అప్పుడొచ్చింది బన్నక్కకి. బాగా వచ్చింది, కాళ్ళ నుంచి పైకి. అయినా ఆ భయంలోనే ఒక మూల ఏదో నిబ్బరం. దీనికి పేరుంది. చోటుంది. గోడకి ఏ పక్కన, ఎంత ఎత్తున, ఎంత వెడల్పున అనే లెక్క ఉంది. వేడికి ఇవేవీ లేవు. వేడితో ఎవరు పోట్లాడతారు, ఎటు తిరిగి పోట్లాడతారు? కూతురికి ఎలా చెప్పాలో, మొగుడికి చెప్తే ముందు వ్యాను తాళాలు ఎక్కడ పెట్టాడో కూడా మర్చిపోతాడు, ముందు తమ్ముడికి చెప్పాలి, బయట బెంచీ మీద వాడే ఉన్నాడు, వాడైతే ఏదో ఒక జోకు వేసి నిలబడతాడు.

“మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉండేదా?” అడిగింది డాక్టరమ్మ గ్లౌజులు తీస్తూ. నాన్నకండీ, ఇదేనని ఇప్పుడు తెలుస్తోంది అంది బన్నక్క. “తోడబుట్టినవాళ్ళు ఉన్నారా? వాళ్ళు కూడా తప్పకుండా చూపించుకోవాలి.” ఒక్క తమ్ముడండీ, వాడికేం, గుండ్రాయిలా ఉంటాడు అని నోరు అంటూనే ఉంది, కళ్ళ ముందు మాత్రం కిటికీ గట్టు మీది స్టీలు ఫ్లాస్కు నిలిచింది. మధ్యాహ్నానికల్లా ఖాళీ అయ్యే ఫ్లాస్కు. నేను ముట్టుకోలేదే అని మొగుడు పెట్టిన ఒట్టు. ఆయన ముట్టుకోలేదు. ఆ చప్పిడి నీళ్ళు ఎవరు తాగుతారు, అక్కర ఉన్నవాళ్ళు తప్ప? మొన్నటిదాకా తెల్ల ప్యాంటు తప్ప వేయనివాడు ముదురు రంగు ప్యాంట్లు కొనుక్కున్నాడు, ఏరా పెళ్ళికొడకా అని ఏడిపించింది తాను. వెనక దొడ్లో తలుపు వేసుకుంటే ఎంతకీ రాడు, పేపరు చదువుతున్నావా అచ్చేస్తున్నావా అని అరిచింది తాను. బస్తా మీద కూర్చుంటే ఒక పక్కకి ఒరిగి. ఒక పక్కకి ఒరిగి. నాన్న పోయినప్పుడు నాన్న వయసెంతో తమ్ముడికి ఇప్పుడు అంతే. లోకంలో ప్రతి ట్రేలో వేలు పెట్టే తన వేలు, రోజంతా పక్కనే నిలబడి పిండి పిసికే వాడి దగ్గర ఒక్కసారి ఆగలేదు.

చీర కట్టుకునేదాకా ఆగు అని తనకి తానే చెప్పుకుంది. సిస్టరు కాసేపు పడుకోండమ్మా, కళ్ళు తిరుగుతాయి అంటున్నా వినలేదు. బయట బెంచీ మీద వాడున్నాడు, చేతిలో ఆమె సంచి, ఒక మోచెయ్యి బెంచీ చేతి మీద ఆనించి, బరువంతా ఆ పక్కకే వేసి. ఆమెని చూడగానే లేచి, మొహం నిండా నవ్వు పులుముకున్నాడు.

“అయిపోయిందా అక్కా? వేడేనంటగా?”

“బార్లీ నీళ్ళు ఎవరు తాగుతున్నార్రా?” అంది బన్నక్క.

నవ్వు అలాగే ఉంది వాడి మొహం మీద, కళ్ళు మాత్రం దాంట్లోంచి వెళ్ళిపోయాయి. ఏ బార్లీ అన్నాడు. బావ తాగి ఉంటాడన్నాడు. సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. చిన్నప్పుడు బట్టీ తలుపు పట్టుకుని చెయ్యి కాల్చుకున్నవాడు, నాన్నకి తెలిస్తే తిడతాడని కాలిన చెయ్యి జేబులో పెట్టుకుని సాయంత్రం దాకా తిరిగినవాడు, సరిగ్గా అలాగే నిలబడ్డాడు. ఎన్నాళ్ళ నుంచిరా అని అడిగింది.

“నీకు మొదలవ్వకముందు నుంచే అక్కా” అన్నాడు, ఆమె చెప్పులు చూస్తూ. “నీకెందుకు దిగులని చెప్పలేదు. కొంచెం వేడి చేసింది, అంతే.”

“వేడి కాదురా” అంది.

పొట్ట లోపల వెలిగిన దీపం సంగతి చెప్పాలా, నాన్న సంగతి చెప్పాలా, తనకి ఏముందో చెప్పాలా, ఏది ముందు చెప్పాలి. కాలిన చెయ్యి పట్టుకుని కుళాయి దగ్గరికి ఈడ్చుకెళ్ళిన రోజులాగే వాడి మణికట్టు పట్టుకుంది. ఎక్కడికక్కా, ఇప్పుడు కాదక్కా, సాయంత్రం పిండి కలపాలి, రేపొద్దాం అంటున్నాడు వాడు. అంటున్నా కాళ్ళు మాత్రం ఆమె వెనకే వస్తున్నాయి. తలుపు తోసింది. లోపల డాక్టరమ్మ తువ్వాలుతో చేతులు తుడుచుకుంటోంది, చిన్న చేతులు, ఒక్కొక్క వేలూ విడివిడిగా.

“ఇంకో జత గ్లౌజులు తొడుక్కోండమ్మా” అంది బన్నక్క. “మా తమ్ముడిని తీసుకొచ్చాను.”